పన్నెండో పేరు దగ్గర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో వాళ్ళకే కాదు, అనంతపురంలో నేను పనిచేసిన ఆఫీసులో వాళ్ళకూ బాగా తెలుసు. ఆ కోపానికి గురైనవాళ్ళలో చాలామందికి తర్వాత ఎప్పుడో ఒకప్పుడు క్షమాపణ చెప్పుకున్నాను. ఒక్కావిడ దగ్గర మాత్రం క్షమాపణ చాలలేదు. ఆవిడ ఉరవకొండలో విత్తనాలు పంచే కేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చునేది. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. గొంతు ఫోన్లో రోజూ వినేవాణ్ణి గానీ మొహం చూసింది రెండుసార్లే. చదువులో, జీతంలో, కుర్చీలో నేనే పైన. ఆ రోజు జరిగినదాన్ని బట్టి చూస్తే మాత్రం నా పని నాకు నేర్పింది ఆవిడే.

అది రెండువేల ఎనిమిది ప్రాంతం. మాది ఆరుగురు మనుషుల చిన్న ఆఫీసు. విత్తనాలు తెప్పించేదీ పంచేదీ వేరేవాళ్ళు. ఏ రైతుకు ఎన్ని బస్తాలు, ఎవరి తర్వాత ఎవరు అనే పట్టీ మాత్రం మా మిషన్లో ఉండేది. ఊళ్ళలో ఉన్న కేంద్రాలన్నీ ఫోను తీగల మీదుగా ఆ ఒక్క మిషన్నే అడిగి రైతుకు చీటీ ఇచ్చేవి.

మా నేల తెలియనివాళ్ళకు ఇందులో తొందరేమిటో అర్థం కాదు. మా నాయన గుమ్మఘట్ట దగ్గర ఎర్రనేలలో శెనక్కాయ వేసినవాడే కాబట్టి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాన పడ్డాక పదును, అంటే విత్తడానికి తగినంత తడి, నేలలో నాలుగు రోజులుంటుంది, మబ్బు పట్టి ఉంటే ఇంకో రోజు. ఆలోపు విత్తనం నేలలో పడాలి. తప్పితే మళ్ళీ వాన కోసం కాచుకోవాలి, ఆ వాన వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. అందుకే వాన పడిన మర్నాడు తెల్లవారేసరికి ప్రతి కేంద్రం ముందూ వరస తయారయ్యేది. వరసంటే మనుషుల వరస కాదు, చెప్పుల వరస. చెప్పులు లేనివాళ్ళు రాయి పెట్టేవాళ్ళు, గుర్తుకు దాని కింద తువ్వాలు. చెప్పులు ఎండలో నిలబడితే మనుషులు గోడ నీడన కూర్చునేవాళ్ళు. ఏ జత ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ జరిపేవాళ్ళు కాదు. పొద్దున్నే ఆ చెప్పుల వరసను పేర్ల వరసగా ఎక్కించుకోవడం మా మిషను పని. పేరెక్కాక ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కునేవాళ్ళు. అక్కణ్ణించి ఆ వరస మిషన్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. మిషన్లో కూడా అది జ్ఞాపకంలోనే ఉండేది, సాయంత్రం కేంద్రం మూసేటప్పుడు గానీ డిస్కు మీదికి ఎక్కదు. మధ్యలో మిషను ఆగిందా, ఆనాటి వరస పోయినట్టే. ఆ ప్రోగ్రాము అలా రాసిన మహానుభావుణ్ణి నేనే.

మిషను అంటున్నాను గానీ అది చేత్తో పట్టుకునే వస్తువు కాదు. ఒక పెద్ద ఇనప పెట్టె లాంటి కంప్యూటరు, దాని లోపల కేవలం ప్రోగ్రాముతో కట్టిన నాలుగైదు కంప్యూటర్లు. దేనికది తానే అసలు కంప్యూటరుననుకుంటుంది. వాటిని వర్చువల్ మిషన్లంటారు. పెట్టెకు జబ్బు చేస్తే, లోపలి మిషను పని చేస్తూ ఉండగానే దాన్ని ఇంకో పెట్టెలోకి పంపేయవచ్చు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా పొయ్యితో సహా ఇల్లు మారడమన్నమాట. దీనికి లైవ్ మైగ్రేషన్ అని పేరు. మా ఆఫీసులో దాన్ని చదివి, నేర్చుకుని, పెట్టించింది నేనే. అందుకు నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

చిక్కల్లా కొత్త పెట్టె ఊరికి ఆ చివర, మేం కొత్తగా తీసుకున్న గదిలో ఉండటం. అది వేరే నెట్‌వర్కు. నెట్‌వర్కులో ప్రతి మిషనుకూ చిరునామాగా ఒక నంబరుంటుంది, ఒక నెట్‌వర్కులో చెల్లే నంబరు ఇంకోదాంట్లో చెల్లదు. మా కేంద్రాల వాళ్ళందరికీ మిషను పేరు కాకుండా నంబరే ఇచ్చి ఉన్నాను, ఎందుకంటే ఆ లైన్ల మీద పేరు వెతకాలంటే టీ తాగి రావచ్చు. ఉరవకొండావిడ ఆ నంబరును సుద్దముక్కతో గోడ మీద రాసుకుంది. ఇంకో కేంద్రంలో దాన్ని కాగితం మీద రాసి అంటించి, ఆయుధపూజ రోజు కుంకుమ కూడా పెట్టారట. అన్ని గోడలూ చెరిపించి కొత్త నంబరు రాయించడం అయ్యే పని కాదు. మిషను ఎక్కడికి పోయినా పాత నంబరుతోనే పోవాలి.

అందుకని రెండు గదుల మధ్య ఒక దారి కట్టాను. నెట్‌వర్కులో కబుర్లు చిన్న చిన్న మూటలుగా పోతాయి. పాత నంబరుకు వచ్చే ప్రతి మూటనూ ఇంకో గోనెసంచిలో వేసి, పైన కొత్త గది చిరునామా రాసి పంపడం, అక్కడ సంచి విప్పి లోపలి మూటను మిషనుకు ఇవ్వడం. మిషను మాత్రం తాను పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటుంది. ఒక చిన్న ఖాళీ మిషన్ను అటు పంపి పరీక్ష కూడా చేశాను. వెళ్ళింది, 'ఉన్నావా' అని ఒక మూట పంపి పలకరిస్తే పలికింది. శభాష్ అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అసలు పని పడింది వాన పడిన మూడో రోజున. పాత గది మేడ మీద, పైన బండల కప్పు. ఒక వాన పడితే పడింది గానీ ఎండ మళ్ళీ మామూలే. పొద్దున్నే ఏసీ ఆగిపోయింది. కాసేపటికి పెట్టెలో ఒక ఫ్యాను గరగరమని మొదలుపెట్టింది. మా ఆఫీసులో కరెంటు పనులు చూసే భాయ్ టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టాడు, కిటికీకి గోనెపట్టాలు తడిపి కట్టాడు, పెట్టె మీద చెయ్యి ఆనించి వెంటనే తీసేశాడు.

"ఇది సాయంత్రం దాకా నిలబడదన్నా. తీసుకపోయేదుంటే ఇప్పుడే తీసుకపో" అన్నాడు.

అప్పటికి కేంద్రాలన్నిటిలో పేర్లెక్కాయి. చెప్పులు కాళ్ళకెక్కాయి. ఒక్క ఉరవకొండలోనే రెండొందల మందికి పైగా. మిషన్ను కదిలించాను. తెర మీద అంకె పెరుగుతుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. తొంభై దగ్గర కాసేపు ఆగింది, భాయ్ ఏదో మొక్కుకున్నాడు, నూరుకొచ్చింది. మిషను ఒక్క క్షణం కూడా ఆగకుండా ఊరు దాటి కొత్త గదికి చేరిపోయింది. తర్వాత పావుగంటకే పాత పెట్టె ఉక్కపోతకు తట్టుకోలేక తనంతట తానే ఆగిపోయింది. ఇక వెనక్కి తెచ్చుకునే దారి లేదు గానీ, ఆ అవసరం ఏముంటుందిలే అనుకున్నాను. భాయ్ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు.

బజ్జీ సగం తినేలోపు ఫోన్లు మొదలయ్యాయి. మిషన్ను పలకరించి చూశాను, టక్కున పలికింది. ఇంకేం, తప్పు కేంద్రాలదే అని తేల్చేశాను. ఉరవకొండావిడ ఫోను నాలుగోది.

"సార్, పట్టీ తెరిస్తే రాలేదు. తెరంతా తెల్లగా నిలబడుకోనుండాది" అన్నది.

"మిషను బాగానే ఉండాదమ్మా. నేనీడ పలకరిస్తే పలుకుతాంది. మీ లైను చూసుకోండి."

"లైను బాగుండాది సార్. ఒక్క మనిషి పేరు కొడితే వస్తాంది. పట్టీ అడిగితేనే రాదు. పట్టీ తెరవకుంటే చీటీ ఎట్లిచ్చేది?"

"ఒకటి వచ్చి ఇంగోటి రాకపోయేదేంది? ఏందో తప్పు నొక్కింటారు. ఏం నొక్కినారో చూసుకోండి ముందు" అని అరిచి ఫోను పెట్టేశాను.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నా వ్యవహారం. పాత పెట్టె ఆగిపోయింది, వరస కొత్త పెట్టెలో ప్రాణాలతో ఉంది, కానీ ఎవరికీ అందడం లేదు. మిషన్ను ఆపి మళ్ళీ మొదలుపెడితే అన్నీ సర్దుకుంటాయేమో, కానీ వరస పోతుంది. రెండొందల మంది ఎవరి తర్వాత ఎవరో తేల్చుకునేసరికి తలలు పగులుతాయి, పదును ఆరిపోతుంది. దాదాపు రెండు గంటలు పిచ్చివాడిలా వెతికాను. డిస్కు చూశాను, మిషను గడియారం చూశాను, మూటలను దారి మళ్ళించే నెట్‌వర్కు స్విచ్చి, మిషను ఇంకా పాత గదిలోనే ఉందనుకుంటోందేమోనని దాని పాత జ్ఞాపకాన్ని కూడా చెరిపేశాను. ఎక్కడా ఏ లోపమూ లేదు. ప్రతి పరీక్షా నేను గొప్పవాణ్ణనే చెప్పింది. మిషన్ను ఆపే మీట మీదికి నా చెయ్యి రెండుసార్లు పోయింది, రెండుసార్లూ భాయ్ "తొందరపడొద్దన్నా" అన్నాడు.

మూడోసారి పోతుండగా ఉరవకొండ నుంచి మళ్ళీ ఫోను.

"సార్, కోపం చేసుకోకుండా ఇనండి" అని మొదలుపెట్టింది ఆవిడ. వెనక జనం గోల వినబడుతోంది. "వరస పట్టీ రాకుంటే పల్లెల పట్టీలు ఒకటొకటే అడిగి చూస్తి. చిన్న పల్లెలన్నీ వస్తాండాయి, పెద్దవి రాలేదు. యాడ ఆగుతాందో చూద్దామని నోటుబుక్కులో రాసుకుంటా పోతి. పదకొండు పేర్లుండే పల్లె వచ్చింది. పన్నెండు పేర్లుండేది రాలేదు. మూడుసార్లు అడిగినా అంతే. పదకొండు పేర్లవి రెండు పల్లెలుండాయి, రెండూ వచ్చినాయి. ఏమన్నా పనికొస్తాదేమో చూడండి."

నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. ఒక్కో పేరుకు ఊరు, సర్వే నంబరు, బస్తాలు అన్నీ కలిపి నూటికి పైగా అక్షరాలు. పదకొండు పేర్లు ఒక మూటలో సరిపోతాయి, మూటలో ఇంకా కాస్త చోటుంటుంది. పన్నెండో పేరు ఎక్కితే మూట నిండుగా కట్టాల్సి వస్తుంది. నిండు మూట మామూలు దారిలో బాగానే పోతుంది. కానీ నేను దాన్ని ఇంకో గోనెసంచిలో వేశాను కదా, ఆ సంచి మందం కూడా కలిసేసరికి దారి మధ్యలో మూటలను ముందుకు పంపే రౌటరు డబ్బాలో పట్టలేదు. పట్టనిదాన్ని డబ్బా పారేస్తోంది. పారేసినప్పుడు "ఇది పెద్దదైంది, చిన్నగా కట్టి పంపు" అని వెనక్కి ఒక కబురు పంపడం దాని ధర్మం. పలకరింపులు తప్ప ఇంకే కబుర్లూ తిరిగి పంపొద్దని, ఎవరో దొంగలు చొరబడతారని, ఆ డబ్బా నోరు కట్టేసింది కూడా నేనే. నా పలకరింపు ఎప్పుడూ గుప్పెడంత మూట. ఖాళీ మిషనుతో చేసిన పరీక్ష కూడా అంతే. నిండు మూటతో ఒక్కసారి పలకరించి చూశాను. జవాబు లేదు.

ఆ తర్వాతి పని రెండు నిమిషాలు పట్టలేదు. మిషన్ను ఆపకుండానే, ఇకమీదట మూటలు కాస్త చిన్నవిగా కట్టమని దానికి చెప్పాను. ఉరవకొండకు ఫోను చేసి పట్టీ తెరవమన్నాను.

"వచ్చింది" అన్నది ఆవిడ. ఫోను బల్ల మీద పెట్టేసి మొదటి పేరు గట్టిగా పిలవడం వినబడింది. తర్వాత రెండో పేరు. నేను పెట్టేయకుండా పది పేర్ల దాకా వింటూ కూర్చున్నాను. కళ్ళు తడిశాయని చెప్పడానికి సిగ్గేమీ లేదు. భాయ్ చూసి, చూడనట్టు వెళ్ళి గోనెపట్టాలు విప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు ఉరవకొండ వెళ్ళాను. ఫోన్లో అరిచినవాణ్ణి ఫోన్లోనే క్షమాపణ చెబితే బాగుండదనిపించింది. ముందురోజు సగంమందికే చీటీలు అందాయి, మిగిలినవాళ్ళు నీడన కూర్చుని ఉన్నారు. గేటు దగ్గర ఒక పెద్దాయన నా ఇస్త్రీ చొక్కా వైపు అనుమానంగా చూశాడు.

"యాడినుంచి వచ్చినావప్పా?"

"అనంతపురం నుంచి తాతా. కంప్యూటరు ఆఫీసు."

"కంప్యూటరమ్మను ఏమన్నా అనేకి వచ్చినావా ఏమి?" అన్నాడు. "ఆయమ్మను ఏమీ అనొద్దు. నిన్న తప్పు చేసింది నిజమే, ఆయమ్మే బయటికొచ్చి చెప్పింది. నేను తప్పు మీట నొక్కినా, మీ పేర్లు యాడికీ పోలేదు, సరిజేసేది నేనే, ఎవురూ లేయొద్దండి అనె. నలుగురు నోటికొచ్చినట్ల తిట్టినారు. పడింది. తిట్టినోళ్ళు గూడా లేసి పోలేదు. మధ్యాన్నానికి సరిజేసింది గదా పాపం. నా వంతు ఈపొద్దు. పదునింగా ఉండాది, కాలితో గెలికి చూసే వస్తి."

తప్పు నొక్కి ఉంటారని అరిచింది నేను. ఆ మాటనే తీసుకుని ఆవిడ రెండొందల మంది ముందు తలకెత్తుకుంది.

"తప్పు ఆయమ్మది కాదు తాతా. నాది. ఆడ మిషను కదిలించింది నేను" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "అయితే లోపలికి పోయి ఆయమ్మకు చెప్పుకోపో. నాకు చెప్పి ఏం లాభం" అన్నాడు.

లోపల ఆవిడ చీటీలు రాస్తోంది. ఆవిడ నన్ను చూడటం అదే మొదటిసారి కాబట్టి నేనెవరో చెప్పాల్సి వచ్చింది. చెప్పి, క్షమించమని అడిగి, తప్పు మీదేనని అందరికీ ఎందుకు చెప్పారని అడిగాను. తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"అనంతపురంలో మిషను చెడిపోయిందంటే ఎవురు కూర్చుంటారప్పా? యాడో ఉండే మిషన్ను ఎవురు నమ్ముతారు? తప్పు ఈడ ఉండాదంటే సరిజేసేదీ ఈడే ఉంటాదని కూర్చుంటారు. లేసినారంటే వరస పోయినట్లే."

అంతవరకు సార్ అన్న మనిషి సొంతవాణ్ణి పిలిచినట్టు అప్పా అన్నది. అది నాకు ఎంతో హాయిగా ఉంది. కానీ మాట అక్కడితో ఆగలేదు.

"అదీగాక అబద్ధం చెప్తాండానని గూడా నాకు తెలీదు" అన్నది. "నువ్వు మిషన్ను కదిలించినట్ల నాకు చెప్పలేదు గదా. తప్పు నొక్కింటారు అంటివి. నిజంగానే ఏమి నొక్కితినో అనుకుంటి. వీళ్ళ ఇత్తనాలు నా చేతుల్లో పోయినాయేమో అని భయపడితి. ఏం నొక్కితినో తెలుసుకుందామనే ఆ పల్లెలన్నీ అడుగుతా పోతి."

నేను గొప్ప తెలివి అనుకున్న ఆ నోటుబుక్కు, ఆ పదకొండు, పన్నెండు పేర్లు, అంతా ఆవిడ తన తప్పేమిటో వెతుక్కుంటూ చేసిన పని. లేని తప్పును అంత నిజాయితీగా వెతికింది కాబట్టే నా తప్పు దొరికింది. ఆ క్షణంలో నాకు ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. పెట్టనిచ్చే మనిషి కాదు.

"బయటికి పోయి అందరికీ నిజం చెప్పేసి వస్తాను" అన్నాను.

"ఇప్పుడు నువ్వు చెప్పేది ఇనుకుంటా వాళ్ళు ఇంగో గంట కూర్చోవల్లనా? చెప్పేది తర్వాత చెప్దువులే. ఆడ కూర్చోని చీటీలు చింపియ్యి, తొందరగా ఐతాది" అన్నది.

మధ్యాహ్నం దాకా ఆవిడ పక్క స్టూలు మీద కూర్చుని, ఆవిడ రాసిన చీటీలు చింపి కిటికీలోంచి ఇచ్చాను. నా జన్మలో అంత మనసు పెట్టి చేసిన పని ఇంకోటి లేదు. పన్నెండు గంటలప్పుడు గేటు దగ్గరి పెద్దాయన వంతు వచ్చింది. చీటీ నా చేతిలోంచి తీసుకుంటూ నా మొహం గుర్తుపట్టాడు. తల వంచి కిటికీలోంచి లోపలికి చూసి, "సల్లగుండమ్మా" అని ఆవిడకు చెప్పి విత్తనాల బస్తాల వైపు నడిచాడు.